ఫ్యాన్ వేస్తే ఇల్లంతా చీకటి

ఆర్‌సీసీబీ (లీకైన కరెంటును పసిగట్టి ఇంటి సరఫరా తెంపే స్విచ్) ఊరికే పడిపోతోందని మా శ్రీకాకుళంలో ఎవరితో అన్నా ముందుగా వచ్చే సలహా ఒకటే: తీసి పారేయించండి. ఆగస్టు ముసురులో మా ఇంట్లో ఆ జబ్బు మొదలైనప్పుడు, వచ్చిన ఎలక్ట్రీషియన్ కూడా బోర్డు మూత తీయకముందే అదే మాట అన్నాడు. "మేడమ్, దీన్ని పక్కనపెట్టి డైరెక్ట్ ఇచ్చేస్తాను. గొడవ వదిలిపోతుంది." మా అత్తయ్య తడి చేతులతోనే మిక్సీ ప్లగ్గు పెడతారు. ఆ ఇంట్లో డైరెక్ట్ అనే మాటే వద్దన్నాను.

లెక్కలు చెప్పుకునే దాన్ని కాబట్టి నాకు ఆ పరికరమంటే గౌరవం. అది చేసేది ఒకే ఒక్క తీసివేత. ఫేజ్‌లో వెళ్లిన కరెంటులోంచి న్యూట్రల్‌లో తిరిగొచ్చింది తీసేస్తే మిగిలేదెంత? ఇళ్లలో వాడే రకానికి ఆ మిగులు 30 మిల్లీయాంపియర్లు మించకూడదు. 15 దాటినప్పటి నుంచే అది పడిపోవచ్చు. ఎంసీబీకి (లోడు మితిమీరినా, షార్ట్ అయినా లైను తెంపే స్విచ్) ఈ పట్టింపు లేదు. మనిషి ప్రాణం తీయడానికి చాలినంత కరెంటు 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆనదు కూడా.

గీజరో మోటారో కారణమైతే పట్టుకోవడం తేలిక. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. మా ఇంట్లో అలా తేలలేదు. బల్బులు వేస్తే ఏమీ కాదు. హాల్లో ఫ్యాన్ వేస్తే పడుతుంది. దాన్ని ఆపి పడగ్గదిలో ఫ్యాన్ వేసినా పడుతుంది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. "ఫ్యాన్ వైండింగ్ పోయింది" అని తీర్పు వచ్చింది. రెండు ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టె కూడబలుక్కుని ఒకే పూట పోయాయా? తర్వాత ఇన్వర్టర్ మీద పడ్డాడు. దాని న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌తో కలిపేస్తే ఇలా అవుతుంది, నిజమే. కానీ 2018లో తిత్లీ తుపాను తర్వాత పెట్టించినది అది. ఆ తప్పు ఉంటే బిగించిన రోజే బయటపడేది.

ఏది వేసినా పడుతోందంటే తప్పు ఆ వస్తువులది కాదు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్‌ది. ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్తుకు తగులుతోంది. తిరిగి రావలసిన కరెంటులో కొంత ఆ దారిన భూమిలోకి పోతోంది. 75 వాట్ల ఫ్యాన్ తీసుకునేది సుమారు 330 మిల్లీయాంపియర్లు. అందులో పదో వంతు దారి మళ్లినా 33. ఇంకేం, పడింది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు మొత్తం తీసుకునేదే వందలోపు కాబట్టి దాని పదో వంతును ఆర్‌సీసీబీ పట్టించుకోదు. ఫ్యాన్ మీద నింద అలా వచ్చింది.

మన ఇళ్లలో సాధారణంగా ఉండే సింగిల్ పోల్ ఎంసీబీలు ఫేజ్‌నే తెంపుతాయి, న్యూట్రల్ జోలికి పోవు. కాబట్టి అవన్నీ దించినా ఈ జబ్బు దాగే ఉంటుంది. మెయిన్ ఆపి, బోర్డులో న్యూట్రల్ తీగలన్నీ బిగించి ఉండే ఇత్తడి పట్టీ నుంచి ఒక్కో లైను తీగ విప్పి చూడాలి. (ఇది ఎలక్ట్రీషియన్ పని. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి.) మెగ్గర్ (తీగ తొడుగు చెడిందో లేదో కొలిచే మీటరు) ఉంటే ఇంకా త్వరగా తేలేది, అతని దగ్గర లేదు. సణుగుతూనే విప్పాడు. పెరటి లైను తీగ విప్పాక రెండు ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టె కలిపి వేసినా ఆర్‌సీసీబీ కదల్లేదు.

పెరట్లో బట్టలుతికే బండ పక్కన, గోడలో ఒక సాకెట్ ఉంది. పలక విప్పితే ఇనుప డబ్బా అడుగున తుప్పు నీళ్లు. న్యూట్రల్ స్క్రూ దగ్గర తీగ తొడుగు పెళుసెక్కి అంగుళం మేర ఊడిపోయింది. రాగి పోగులు చిలుము పట్టి పచ్చగా, తడి తుప్పు మీద వాలి ఉన్నాయి. ఎర్తు తీగ బిగించింది ఆ డబ్బాకే.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఈ వెతుకులాట ఉండదు. అక్కడ బాత్రూముల్లో, వంటింట్లో సాకెట్ల మీదే టెస్ట్, రీసెట్ బటన్లు ఉంటాయి. 4 నుంచి 6 మిల్లీయాంపియర్లకే తెంపేస్తాయి, మిగతా ఇల్లు వెలుగుతూనే ఉంటుంది. మనకు ఇల్లంతటికీ ఒక్కటే. అందుకని పెరటికీ బాత్రూములకూ వేరే ఆర్‌సీసీబీ పెట్టించాను. రెండింటి న్యూట్రల్ పట్టీలూ విడివిడిగా ఉండాలి, కలిపితే మళ్లీ ఇదే తంతు.

పని అయ్యాక అతను ఆర్‌సీసీబీ మీది 'టి' (టెస్ట్) బటన్ నొక్కి, "పడింది చూశారా, ఎర్తింగ్ బాగుంది" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు. ఆ బటన్ పరికరం లోపలి రెసిస్టర్ గుండానే తేడా పుట్టిస్తుంది. ఇంటికి ఎర్తు లేకపోయినా పడుతుంది. అది పరికరానికి పరీక్ష, ఎర్తు గుంతకు కాదు. గుంతను వేరుగా కొలిపించాలి.

పెరటి సాకెట్‌ను వరండాలోకి మార్చి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఎత్తుగా పెట్టించాం. పై వాటాకు మాత్రం ఇంకా ఆర్‌సీసీబీయే లేదు. "అది పెడితే మాకూ మీలాగే కరెంటు పోతుందేమో టీచర్‌గారూ" అని అద్దెకున్నావిడ బెంగ. ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను రమ్మన్నాను. మెగ్గర్ ఎక్కడైనా అడిగి తెచ్చుకోమని కూడా చెప్పాను.