తాలూకాఫీసు

శుక్రవారం. పొద్దున నాయిన పాసుబుక్కు కోసం ఇనుపపెట్టె దించితే తాత కొన్న చెలక తాలూకు కాగితం బయటపడ్డది. మడతల కాడ చినిగింది. "జిల్లా నల్లగొండ, తాలూకా దేవరకొండ" అని గొలుసుకట్టు రాత. ఇప్పుడు మాది చందంపేట మండలం.

"తాలూకాఫీసుకు పోవాలె, జిరాక్సులు తియ్యి" అన్నడు. 1985లో ఎన్టీఆర్ తాలూకాలను, వాటి కిందుండే ఊర్ల గుంపులైన ఫిర్కాలను తీసేసి మండలాలు పెట్టిండు. నాయిన నోట్లో మాత్రం తాలూకా పోలేదు. నేనేమో ఎమ్మార్వో ఆఫీసు అంటా. ఆ పేరూ ఎప్పుడో తీసేసిండ్రు. బోర్డు మీద ఉన్నది తహసీల్దార్ కార్యాలయం, అంటే నిజాం నాటి పేరే మళ్లొచ్చింది. తహసీల్ అంటే అరబ్బీలో వసూలు. మేం పోయింది ఆదాయం సర్టిఫికెట్ కోసం!

లైన్ల నిలబడ్డంతసేపు ఇదే ఆలోచన. తాలూకా కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, తఅల్లుఖ్, సంబంధం అని. "ఆయన తాలూకు మనిషి" అంటం కదా, అదే మాట. ఏ ఊరు ఏ సర్కారు కచేరీకి సంబంధమో చెప్పుడే దాని పని. జిల్లాకు అసలు అర్థం పక్క, పక్కటెముకకు కూడా ఆ మాటే. 1865లో నిజాం దివాను సాలార్‌జంగు జిల్లాబందీ చేసి, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినంక ఇక్కడ స్థిరపడ్డది.

మండలం ఒక్కటే సంస్కృతం, గుండ్రటి చుట్టు. దీని కథే నాకు తమాషా. తొలి కాకతీయులు మహామండలేశ్వరులమని శాసనాల్లో చెక్కించుకున్నరు, అప్పుడది సామంతరాజు బిరుదు. ఇప్పుడు తాలూకాను కోస్తే వచ్చిన ముక్క పేరు మండలం. బండి మీద పొద్దుగూకేలోపు చుట్టి రావచ్చు.

సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. దాని అత్తగారిది నారాయణపేట దిక్కు. 2019 ఫిబ్రవరిలో అది వేరే జిల్లా అయింది. అంతకుముందు మహబూబ్‌నగర్. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టినా, వాళ్ల అత్త ఇప్పటికీ "మాది పాలమూరు" అంటది. చెల్లె ఆధార్‌ల మాత్రం మహబూబ్‌నగరే ఉన్నది. మార్పించుకోను సోమవారం పోతదట, ఏమేం కాగితాలు కావాల్నో కనుక్కొని చెప్పమన్నది.