ఎడాపెడా నొక్కడం మానుకున్నాక: డెవిల్ మే క్రై 5తో నా అనుభవం

క్యాప్‌కామ్ సంస్థ 2019 మార్చిలో విడుదల చేసిన ‘డెవిల్ మే క్రై 5’ అనే వీడియో గేమ్‌ను కత్తి బటన్, తుపాకీ బటన్ ఎడాపెడా నొక్కుతూ కూడా చివరిదాకా ఆడవచ్చు. ‘హ్యూమన్’ అనే తేలికైన స్థాయిలో నేను మొదటిసారి కథ పూర్తి చేసింది ఆ పద్ధతిలోనే. ఆట నన్ను ఎక్కడా అడ్డుకోలేదు, కథలో ఏ ఘట్టాన్నీ దాచలేదు. అయితే పోరాటం జరుగుతున్నంతసేపూ మన ఆటతీరును కొలుస్తూ తెరపై కనిపించే ర్యాంకు అక్షరం అడుగు మెట్లయిన డీ, సీల మధ్యే ఊగిసలాడేది. ఎప్పుడైనా బీ దాకా వెళ్లినా అక్కడ నిలిచేది కాదు. అదే నీరో పాత్రతో, అదే రెడ్ క్వీన్ కత్తితో అనుభవజ్ఞులు ఆడిన వీడియోలు చూస్తే వారి చేతిలో ఆ పాత్ర వేరే మనిషిలా కదిలేది. వారు నాకంటే వేగంగా నొక్కుతున్నారని అనుకున్నాను. కానీ కంట్రోలర్ బటన్లను కూడా తెర మూలన చూపించే వీడియోలను గమనించినప్పుడు, చాలాచోట్ల వారు నాకంటే తక్కువసార్లు నొక్కుతున్నారని తేలింది. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుని, దాన్ని నా చేతికి అలవాటు చేసుకున్న క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక దెబ్బకు ఉండే నిర్మాణాన్ని అర్థం చేసుకోవలసి వచ్చింది. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల (తెరపై ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మల) లెక్కన సాగేలా తయారైంది, అంటే ఒక్కో ఫ్రేము నిడివి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నొక్కిన మరుక్షణమే కత్తి తగలదు. కత్తి ఎత్తడానికి కొన్ని ఫ్రేములు, అది శత్రువును తాకగలిగే కొన్ని ఫ్రేములు, ఆ తర్వాత పాత్ర తిరిగి నిలదొక్కుకోవడానికి మరికొన్ని ఫ్రేములు పడతాయి. ఒక దెబ్బ సాగుతుండగానే మనం మళ్లీ నొక్కితే ఆట ఆ నొక్కును పారేయదు. గుర్తుపెట్టుకుని, వీలు చిక్కగానే తర్వాతి దెబ్బగా అమలు చేస్తుంది. ఎడాపెడా నొక్కేవారికి ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది. శత్రువు చెయ్యెత్తడం కంటికి కనిపిస్తుంది, తప్పుకోవాలని మనసుకు తోస్తుంది, కానీ అప్పటికే నొక్కేసిన దెబ్బ వరుసలో కాచుకుని ఉంటుంది కనుక పాత్ర దాన్ని పూర్తిచేసే పనిలో పడిపోతుంది. ‘తప్పించుకునే బటన్ నొక్కాను, ఆట స్పందించలేదు’ అన్న ఫిర్యాదు చాలామంది నోట వింటాం. నిజానికి ఆ క్షణంలో ఆట మనం అంతకుముందు ఇచ్చిన ఆజ్ఞకు స్పందిస్తూ ఉంటుంది.

కాబట్టి నా సాధన కొత్త కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి అల్లుకునే దెబ్బల వరుసలు, బట్టీ పట్టడంతో కాక, నొక్కకుండా ఆగడంతో మొదలైంది. ఆటలో ‘వాయిడ్’ అనే సాధన గది ఉంది. అక్కడ శత్రువును ఎదుట నిలబెట్టుకుని తోచినంతసేపు ప్రయత్నించవచ్చు. నీరో నేలమీద చేసే కత్తి కాంబోలలో చాలావాటికి ఒకే బటన్ వాడతాం. ఆగకుండా నొక్కుతూ పోతే ఒక కాంబో వస్తుంది; ఒక దెబ్బ తర్వాత చిన్న విరామం ఇచ్చి నొక్కితే మరొకటి, ఆ విరామాన్ని ఇంకో దెబ్బ తర్వాతికి జరిపితే వేరొకటి వస్తాయి. ఎడాపెడా నొక్కే ఆటగాడికి వీటిలో మొదటిది తప్ప మిగతావి ఉన్నాయనే సంగతే తెలియదు. విరామం కూడా ఆటకు మనం పంపే ఒక ఆజ్ఞేనన్న సంగతి నాకు ఇక్కడే పట్టుబడింది. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక మిగతా నేర్పంతా దానికి కొనసాగింపుగానే తోచింది. మొదట్లో ఆ విరామం భరించడం కష్టంగా ఉండేది, ఎందుకంటే బొటనవేలు ఖాళీగా ఉన్నంతసేపూ ఏదో చేజారిపోతున్నట్టు అనిపిస్తుంది. దెబ్బ తగిలిన చప్పుడు విని, ఆ తర్వాత నొక్కడం అలవాటు చేసుకున్నాను. కంటికన్నా చెవి ఇందులో ఎక్కువ సాయం చేసింది.

ఆ తర్వాతి మెట్టు ఎక్సీడ్. రెడ్ క్వీన్ కత్తి పిడి మోటారు సైకిల్ యాక్సిలరేటర్‌లా ఉంటుంది. ప్లేస్టేషన్ కంట్రోలర్‌పై ఎల్2 బటన్ నొక్కితే నీరో దాన్ని తిప్పుతాడు, మూడు గడుల మీటరు నిండుతుంది, నిండిన ఒక్కో గడి తర్వాతి దెబ్బను మంటలతో బలపరుస్తుంది. ఊరికే నిలబడి తిప్పి నింపుకోవచ్చు, కానీ శత్రువుల మధ్య అందుకు సమయం దొరకదు. సరైన మార్గం వేరే ఉంది: కత్తి శత్రువును తాకే సమయానికి సరిగ్గా ఎల్2 నొక్కితే ఆ దెబ్బతోనే ఒక గడి నిండుతుంది, మరింత కచ్చితమైన, అతి ఇరుకైన క్షణాన్ని పట్టుకుంటే మూడు గడులూ ఒకేసారి నిండిపోతాయి. కోలాటంలో కర్రలు తాకే క్షణానికే అడుగు కూడా పడవలసినట్టు, ఇక్కడ కుడి బొటనవేలు వేసిన దెబ్బ తగిలే క్షణానికి ఎడమ చూపుడు వేలు కదలాలి.

ఈ ఒక్క అంశం మీద నేను గడిపినంత కాలం మరే అంశం మీదా గడపలేదు. కారణం ఏమిటంటే ప్రతి దెబ్బ లయ వేరు. మొదటి కోతకు సరిపోయిన ఆలస్యం రెండోదానికి సరిపోదు. గాలిలో కొట్టే దెబ్బలు నేలమీది దెబ్బలకన్నా త్వరగా తాకుతాయి. అందువల్ల ఒకే దెబ్బను తీసుకుని, అది చేతికి వచ్చేదాకా ఇంకోదాని జోలికి వెళ్లకుండా సాధన చేశాను. ఎల్2ను గబగబా నొక్కుతూ ఉంటే ఏదో ఒకటి తగలకపోతుందా అనే ఆలోచన కూడా కొన్నాళ్లు నడిచింది. కొన్నిసార్లు తగులుతుంది కూడా. కానీ అలా వచ్చినదాన్ని మళ్లీ కావాలన్నప్పుడు రప్పించలేం. ఆటలో లోతు అనే మాటకు నేనిచ్చే అర్థం ఇదే: ఫలితం నా నిర్ణయం వల్ల వచ్చిందని నాకు తెలియాలి, మళ్లీ రప్పించే దారి ఉండాలి.

గాలిలో పోరాటం గురించి కొంత చెప్పాలి. ఆర్1 బటన్‌తో శత్రువుపై గురిపెట్టి, అనలాగ్ కర్రను వెనక్కి లాగి కత్తి బటన్ నొక్కితే ‘హై రోలర్’ అనే దెబ్బ శత్రువును పైకి లేపుతుంది. బటన్ వదలకుండా పట్టుకుంటే నీరో కూడా వెంట లేస్తాడు. అక్కడ కొన్ని దెబ్బలు వేశాక, ఆ శత్రువు ఒంటినే మెట్టుగా చేసుకుని మళ్లీ గెంతితే సాగుతున్న దెబ్బ అక్కడికక్కడే తెగిపోయి, గాలిలో కొట్టే దెబ్బలన్నీ మళ్లీ మొదటినుంచి అందుబాటులోకి వస్తాయి. శత్రువును నేలమీద పడనివ్వకుండా ఆడే ఈ పద్ధతికి ఒక ఆసక్తికరమైన పుట్టుక ఉంది. క్యాప్‌కామ్‌వారి ‘ఒనిముషా’ అనే మరో ఆటలో శత్రువులు కిందపడకుండా గాలిలోనే తేలుతూ ఉండే లోపం ఒకటి కనిపించిందని, 2001లో వచ్చిన మొదటి డెవిల్ మే క్రైలో గాలిలో కొట్టే పద్ధతికి అదే ప్రేరణ అయిందని దర్శకుడు హిదెకీ కామియా చెప్పారు. 1991 నాటి పోరాట ఆట ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో కాంబోలు కూడా అనుకోకుండా పుట్టినవే. తయారుచేసినవారు ముందుగా అనుకోని ఒక సందు దొరికితే దాన్ని మూసేయకుండా విద్యగా మార్చడం ఈ తరహా ఆటల చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన విషయం.

ఇక ర్యాంకు అక్షరాల సంగతి. ఒకే దెబ్బను తిరిగి తిరిగి వాడితే దానివల్ల పెరిగే ర్యాంకు తగ్గుతూ పోతుంది, దెబ్బ తింటే అక్షరం కిందికి పడుతుంది, ఊరికే తిరుగుతూ ఉంటే కరిగిపోతుంది. డీ నుంచి ట్రిపుల్ ఎస్ దాకా ఏడు మెట్లున్నాయి. ఎస్ చేరాకే నేపథ్యంలో పాట పల్లవి అందుకుంటుంది. మార్కులు వేయడంకన్నా ఈ పల్లవి పద్ధతే నాకు గొప్పగా అనిపించింది, ఎందుకంటే తెరమీది అక్షరాన్ని చూడడానికి కళ్లు తిప్పకుండానే నా ఆట ఎలా ఉందో చెవులకు తెలిసిపోతుంది. వైవిధ్యం కోసం వైవిధ్యం చూపడం నాకు తృప్తినివ్వదు గానీ, ర్యాంకు పెంచుకోవాలన్న కోరికే నన్ను ఒక్కో దెబ్బ ఎందుకు ఉందో ఆలోచించేలా చేసింది.

దెబ్బల జాబితా ఎంత పొడుగ్గా ఉంటే ఆటకు అంత లోతు ఉన్నట్టు అనేవారితో నేను ఏకీభవించను. లోతు ఉండేది ఎదుట నిలబడినవారిలో. 2000ల తొలి ఏళ్లలో మన పట్టణాల్లో గంటకింత అని చెల్లించి ప్లేస్టేషన్ ఆడుకునే చిన్న గేమ్ సెంటర్లు ఉండేవి. ఇద్దరు తలపడే ‘టెక్కెన్ 3’ ఆటలో, కపోయిరా అనే బ్రెజిల్ యుద్ధవిద్యతో పోరాడే ఎడ్డీ గోర్డో పాత్రను ఎంచుకుని రెండు కాలి బటన్లను గబగబా నొక్కే పిల్లవాడు అక్కడ వరుసగా గెలుస్తూ పోయేవాడు. అతని గెలుపుకు ఎడ్డీ బలం ఎంత కారణమో, ఎదుటివాడికి కిందివైపు దెబ్బలను కాచుకోవడం తెలియకపోవడమూ అంతే కారణం. కాచుకోవడం తెలిసిన మనిషి ఎదురుగా కూర్చున్న రోజున అవే బటన్లు పనిచేసేవి కావు. ఒక్కరే ఆడుకునే యాక్షన్ గేమ్‌లో ఆ తెలిసిన మనిషి పాత్రను శత్రువులు పోషించాలి. హ్యూమన్ స్థాయిలో శత్రువులు నెమ్మదిగా వస్తారు, చాలాసేపు మన దెబ్బలకు ఒళ్లప్పగిస్తారు. అందుకే అక్కడ ఎడాపెడా నొక్కడం చెల్లుతుంది.

కథ పూర్తిచేశాక ‘సన్ ఆఫ్ స్పార్డా’ స్థాయి తెరుచుకుంటుంది. అక్కడ శత్రువుల అమరిక మారుతుంది, ముందు చివర్లో ఎదురైనవారు మొదట్లోనే వస్తారు. నా సాధనకు అసలు పరీక్ష అక్కడ, ముఖ్యంగా ‘ఫ్యూరీ’ అనే శత్రువుతో జరిగింది. అది కంటికి అందనంత వేగంగా మాయమై, మరోచోట తేలి, దూసుకొస్తుంది. మనం వెంటపడి కొట్టబోతే తప్పుకుంటుంది. దాని ముందు బటన్లు గబగబా నొక్కడమంటే మనల్ని మనం కదలకుండా కట్టేసుకోవడమే. అది మీదికి వచ్చే క్షణానికి మన కత్తి కూడా దాన్ని తాకేలా ఒక్క దెబ్బ వేస్తే దాని దాడి చెదిరిపోతుంది, అప్పుడే అది మనకు చిక్కుతుంది. సాధన గదిలో నేర్చిన విరామం పోరాటంలో ఎందుకు పనికొస్తుందో ఇది చేసి చూపించింది. ఫ్యూరీని మొదటిసారి ఒక దెబ్బా తినకుండా పడగొట్టిన రోజున కలిగిన ఆనందం, కథ పూర్తయినప్పుడు కలిగినదానికన్నా ఎక్కువ.

కథలో నీరోతో పాటు వీ, డాంటే అనే పాత్రలతోనూ ఆడతాం. వీ గురించి పెద్దగా చెప్పను. అతను దూరంగా నిలబడి తన పెంపుడు జీవులతో పోరాడిస్తాడు, అతనితో గబగబా నొక్కడం చాలావరకు చెల్లుబాటవుతుంది, నా దృష్టిలో ముగ్గురిలో నేర్చుకోవడానికి తక్కువ ఉన్నది అతని దగ్గరే. డాంటే అలా కాదు. డీ ప్యాడ్‌తో (కంట్రోలర్ మీది నాలుగు దిక్కుల బటన్లతో) ట్రిక్‌స్టర్, స్వోర్డ్‌మాస్టర్, గన్‌స్లింగర్, రాయల్ గార్డ్ అనే నాలుగు శైలులను పోరాటం మధ్యలోనే మార్చుకోవచ్చు. ఎంచుకున్న శైలిని బట్టి వృత్తం బటన్ అర్థం మారిపోతుంది. 2005 నాటి మూడో భాగంలో ముందుగానే ఒక శైలిని ఎంచుకోవలసి ఉండేది, 2008లో వచ్చిన నాలుగో భాగంలో ఆట మధ్యలో మార్చుకునే వీలు వచ్చింది. మూడు, నాలుగు, ఐదు భాగాలకు దర్శకుడు హిదెయాకీ ఇత్సునో. డాంటేను అందుకోవడానికి నేను మొదట రెండు శైలులకే పరిమితమై, తప్పుకోవడానికి ట్రిక్‌స్టర్, కొట్టడానికి స్వోర్డ్‌మాస్టర్ వాడాను. అవి ఆలోచించకుండా మారే స్థితికి వచ్చాకే మూడోదాన్ని కలిపాను.

ఎడాపెడా నొక్కేవారిని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. ఆఫీసు నుంచి అలసి వచ్చి కాసేపు శత్రువులను చితక్కొట్టాలనుకునేవారికి ఈ ఆటలోనే ‘ఆటో అసిస్ట్’ అనే సదుపాయం ఉంది. వరుసగా నొక్కుతుంటే అందమైన కాంబోలు వాటంతట అవే వస్తాయి. అదే 2019 మార్చిలో వచ్చిన ‘సెకీరో’ అనే ఆట మరో దారి ఎంచుకుంది. అందులో దెబ్బను కత్తితో తిప్పికొట్టే బటన్‌ను పదేపదే నొక్కితే సరైన క్షణంగా లెక్కించే వ్యవధి తగ్గిపోతుంది, అంటే తొందరపాటుకు నేరుగా శిక్ష పడుతుంది. రెండూ మంచి ఆటలే. తలుపు తెరిచి ఉంచి, లోపలికి రావాలనుకున్నవారికి మెట్లు చూపించే మొదటి పద్ధతి వైపే నా మనసు మొగ్గుతుంది. సెకీరోనే ముందు ఆడి ఉంటే నేను ఈ విద్యవైపు వచ్చేవాణ్ణో కాదో.

ఇప్పుడు ‘డాంటే మస్ట్ డై’ అనే కఠినమైన స్థాయిలో రాయల్ గార్డ్ శైలి నేర్చుకుంటున్నాను. శత్రువు దెబ్బ తగిలే క్షణానికి వృత్తం నొక్కితే నష్టం లేకుండా ఆ దెబ్బ బలం డాంటేలో నిల్వ ఉంటుంది, తర్వాత దాన్ని ఒక్క గుద్దుగా తిరిగి ఇవ్వవచ్చు. ఫ్యూరీ వచ్చే అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ తెరిచి, కత్తి బటన్ ముట్టుకోకుండా కాచుకోవడం ఒక్కటే చేస్తున్నాను. మొదటి దూకుడు చాలాసార్లు అందుతోంది. వెంటనే వచ్చే రెండోదానికి మాత్రం బొటనవేలు ఇంకా ముందే పడిపోతోంది.