కొండ మీంచి గొర్రెలు దిగిన రోజు

స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో బ్రేస్ అనే ఈ చోట ఊరెక్కడుందో మొదటి రోజంతా నాకు అంతుపట్టలేదు. దీవిలోని పెద్ద ఊరు పోర్ట్రీ దాటి స్లిగహాన్ వైపు వస్తుంటే పెద్ద రోడ్డు నుంచి ఒక సన్న దారి చీలుతుంది. ఒక్క కారు పట్టేంత దారి. ఎడమ పక్క సముద్రం, అవతల రాసే దీవి, కుడి పక్క కొండ. ఒక ఇల్లు కనిపిస్తుంది, తర్వాత పచ్చిక, గొర్రెలు, చాలా దూరం పోయాక ఇంకో ఇల్లు. బజారు లేదు, రచ్చబండ లేదు, కొట్టు లేదు. పీన్‌కోరన్ దగ్గర దారే అయిపోతుంది. మా చెల్లె ఇక్కడ ఒక పెద్దావిడ ఇంటి వెనక గదుల్లో అద్దెకుంటూ పోర్ట్రీలో వృద్ధుల సంరక్షణ పని చేస్తోంది. సిద్దిపేట దగ్గర గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య పెరిగిన పిల్ల ఈ ఒంటరి చోట ఎట్లా బతుకుతోందా అని దిగులుతోనే వచ్చాను.

స్కై దీవికి వచ్చే తెలుగువాళ్లందరూ ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం, ఫెయిరీ పూల్స్ అనే నీటి మడుగులు చూసి ఫొటోలు పెడతారు. నేనూ చూశాను, అందంగానే ఉన్నాయి. వాటి గురించి రాయడానికి నా దగ్గర కొత్త మాటేమీ లేదు. ఖర్చుల గురించి మాత్రం ఉంది. ఇక్కడ గ్యాస్ పైపులు లేవు. చాలా ఇళ్ల పక్కన కిరసనాయిలు ట్యాంకు, చలికాలంలో అది ఖాళీ అవుతుంటే గుండె ఝల్లుమంటుందని చెల్లె చెప్పింది. కుక్కర్ పాడైందని కొత్తది ఆన్‌లైన్‌లో చూస్తే డెలివరీకే కుక్కర్ ధరలో సగం అడిగారు. "పోస్ట్‌కోడ్ ఐవీ 51 అని కొట్టంగనే రేటు మారుతది అక్కా" అంది. 1995లోనే ఈ దీవికి వంతెన పడింది. మొదట్లో దాని మీద టోలు వసూలు చేస్తే జనం ఏళ్ల తరబడి కట్టమని మొండికేశారు, కోర్టుల చుట్టూ తిరిగారు, చివరికి 2004 డిసెంబరులో తీసేయించారు. లారీ నేరుగా ఇంటి ముందుకొచ్చే చోటుకు ఇంకా పడవ ఖర్చు వసూలు చేయడమేమిటి? తక్కువ జీతాల మీద బతికే వాళ్ల దగ్గర ఇట్లా గుంజడం నాకు ఒళ్లు మండిన సంగతి.

ఒక సాయంత్రం, అంటే గడియారంలో సాయంత్రం, జూలైలో ఇక్కడ రాత్రి పది దాటినా పుస్తకం చదువుకునేంత వెలుతురుంటుంది, చెల్లెకు ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేసి, "పొద్దుగాల లేవాలె అక్కా. గొర్లను కొండ దింపుతుండ్రు. మనిద్దరం రావాలంట" అంది.

"నేనెందుకే?"

"నువ్వు కురుమోళ్ల బిడ్డవని చెప్పిన."

పొద్దున వెళ్లేసరికి దారి చివర జనం కనిపించారు. ఆ మనుషులంతా ఇన్నాళ్లూ ఎక్కడున్నారో! స్కూలు బస్సు నడిపే ఆయన, కరెంటు పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు, సముద్రంలో రొయ్యల బుట్టలేసే మనిషి, ఒక నర్సు, గ్లాస్గోలో చదువుకుంటూ సెలవులకొచ్చిన కుర్రాడు, రిటైరైన టీచరమ్మ. గొర్రెల మీదే బతికేవాళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడి కౌలు చెక్కను క్రాఫ్ట్ అంటారు, సాగు చేసేవాళ్లను క్రాఫ్టర్లంటారు. భూస్వాములు మొదట్లోనే ఆ చెక్కలను కావాలని చిన్నవిగా కోశారట. దాంతో కుటుంబం గడవకపోతేనే కదా సముద్రపు నాచు కాల్చే కూలికి మనుషులు దొరికేది! కొండ మాత్రం అందరిదీ. ఎవరు ఎన్ని గొర్రెలు తోలవచ్చో వాటాలున్నాయి. ఆ లెక్కలు చూడటానికి వాటాదారులు ఎన్నుకున్న కమిటీ, దానికో గుమాస్తా ఉంటారు. రాత్రి ఫోన్ చేసింది ఆ గుమాస్తాయే.

కొండ పేరు బెన్ లీ. మమ్మల్ని చేతులు చాచినంత దూరంలో కాదు, కేక వినిపించేంత దూరంలో నిలబెట్టారు. అట్లా కొండ అడ్డంగా ఒక వరుస. కుక్కలు ముందు. ఈలను బట్టి అవి కుడికి, ఎడమకు, నేలకు కరుచుకుని కూర్చోవడానికి మారుతుంటే నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. కాలు పెడితే చీలమండ దాకా దిగే బురద నేల అది. గాలి ఆగిందా, మిడ్జెస్ అనే నలుసంత దోమలు కళ్లలో, చెవుల్లో, జుట్టు మొదళ్లలో దూరతాయి. నెత్తికి వల టోపీ ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

నా పక్క వరుసలో టీచరమ్మ. డెబ్బై దాటి ఉంటాయి, మేక పిల్లలా ఎక్కుతోంది. కింద రోడ్డు పక్కన పాత పోరాటానికి గుర్తుగా రాళ్లు పేర్చి కట్టి ఉన్నాయిగా, చూశావా అని అడిగింది. చూశాను, కారాపి చదివాను కూడా. కానీ ఈ కొండ మీద నిలబడి ఆమె చెప్పినప్పుడే ఆ కథ నాకెక్కింది. బెన్ లీ తరతరాలుగా ఈ పల్లెల ఉమ్మడి మేత. 1865లో భూస్వామి లార్డ్ మెక్‌డొనాల్డ్ దాన్ని లాక్కొని బయటి గొర్రెల వ్యాపారికి కౌలుకిచ్చాడు. కౌలు గడువు తీరబోతుంటే మా కొండ మాకిమ్మని అడిగారు, ఇవ్వనన్నాడు. అయితే మేం అద్దె కట్టేది లేదన్నారు. 1882 ఏప్రిల్‌లో ఇళ్లు ఖాళీ చేయమనే కాగితాలు పట్టుకుని కోర్టు మనిషి వస్తే అడ్డగించి, ఆ కాగితాలను అతని చేతే తగలబెట్టించారు. కొద్ది రోజులకే గ్లాస్గో నుంచి యాభై మంది దాకా పోలీసులు తెల్లవారకముందే దిగారు. రాళ్లతో, కర్రలతో ఎదురు నిలిచిన వాళ్లలో ఆడవాళ్లే ముందున్నారు. మగవాళ్లు కొందరు అరెస్టయి ఇన్వర్‌నెస్‌లో జరిమానాలు కట్టారు. కానీ ఆ గొడవ లండన్ దాకా పోయింది. క్రాఫ్టర్ల కష్టాలు విచారించడానికి ప్రభుత్వం నేపియర్ కమిషన్ వేసింది, అది 1883 మేలో మొట్టమొదట సాక్ష్యం తీసుకున్నది ఈ బ్రేస్‌లోనే. 1886లో చట్టమొచ్చింది: క్రాఫ్టరును ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకూడదు, అద్దె న్యాయంగా ఉండాలి, భూమి వారసులకు దక్కాలి.

టీచరమ్మ ఇదంతా ఆగకుండా నడుస్తూనే చెప్పింది, మధ్యలో తప్పిపోతున్న గొర్రెను అదిలిస్తూ. ఒక కొండ మీద మేపుకునే హక్కు కోసం ప్రాణాలకు తెగించిన ఊరు ఇది. ఇళ్లు దగ్గరగా లేవని నేను ఊరే కాదనుకున్నాను. వీళ్ల ఊరు ఇళ్లలో లేదు, ఈ కొండలో ఉంది.

మధ్యాహ్నానికి మందంతా కిందికి చేరింది. దొడ్డిని ఫ్యాంక్ అంటారు, రాతి గోడలు, చెక్క తలుపులు. పిల్లలు తల్లుల నుంచి విడిపోయి అరుస్తుంటే మనిషి మాట మనిషికి వినపడదు. వీపు మీది రంగును బట్టి, చెవి గుర్తును బట్టి ఎవరివి వాళ్లు వేరు చేసుకున్నారు. అప్పుడు బొచ్చు కత్తిరింపు మొదలైంది. కుర్రాడు గొర్రెను వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, కరెంటు కత్తెరతో పొట్ట దగ్గర మొదలుపెట్టి ఒక్క దుప్పటిలా ఊడదీస్తున్నాడు. నాకు అందిన పని ఆ ఉన్నిని చుట్టి పొడవాటి సంచుల్లో తొక్కడం.

చేతులకు జిడ్డంటింది. ఆ వాసనతో మా నాయనమ్మ ముందుకొచ్చి కూర్చుంది. వాకిట్లో నల్ల గొర్రె బొచ్చు కుప్ప, ఆమె తొడ మీద కదురు, గుంట మగ్గం మీద గొంగడి, దానికి చింతగింజల గంజి పూత, ఆరాక వర్షాకాలమంతా భుజం మీద అది. ఇప్పుడు మా దిక్కు దక్కనీ నల్ల గొర్రె కనిపించడమే అరుదు. మాంసానికి బరువొచ్చే నెల్లూరు జాతి వచ్చింది, దానికి ఉన్నే ఉండదు. ఉన్న నాలుగు నల్లవాటికి బొచ్చు తీయాలంటే కూలి మనమే ఎదురివ్వాలి. నాయనమ్మ గొంగడి మా ఇంట్లో బీరువాలో ఉంది, కొత్తది నేయమంటే నేసేవాళ్ల కోసం ఊళ్లు తిరగాలి.

ఈ ఉన్నికి ఎంతొస్తుందని బస్సు నడిపే ఆయన్ని అడిగాను. కత్తిరించడానికి అయ్యే ఖర్చు కూడా రాదన్నాడు. కొన్నిచోట్ల తగలబెడుతున్నారని కూడా చెప్పాడు. మరెందుకు తీస్తారంటే, తీయకపోతే ఎండాకాలం ఈగలు గుడ్లు పెట్టి పురుగులు తొలుస్తాయి, గొర్రె చచ్చిపోతుంది అన్నాడు. నేను మా గొంగడి సంగతి చెబుతుంటే చుట్టూ చేరారు. చింతగింజల గంజి దగ్గర ఆగి, అదెట్లా కాస్తారో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఎవరికీ తెలియని నా నాయనమ్మ పని గురించి అంత శ్రద్ధగా అడిగిన వాళ్లు నాకు మా ఊళ్లో కూడా తగల్లేదు.

తర్వాత టీ, రొట్టెలు, గుడ్లు, ఇంట్లో చేసిన కేకులు. చెల్లె పులిహోర చేసుకొచ్చింది, గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. అక్కడే తెలిసింది నాకు, చెల్లె నా దగ్గర దాచిన మాట. పెద్దావిడ కొడుకు ఆ వెనక గదులను టూరిస్టులకు ఇవ్వాలనుకుంటున్నాడట, వచ్చే ఈస్టర్‌కల్లా ఖాళీ చేయాలట. వారానికి టూరిస్టు ఇచ్చే డబ్బు చెల్లె నెల అద్దెకు దగ్గరగా ఉంటుంది, ఆయన లెక్క ఆయనది. కానీ దారి పొడవునా చూశాను, ఎన్ని ఇళ్లకు టూరిస్టుల కోసం తాళంచెవులుంచే పెట్టెలు వేలాడుతున్నాయో. చలికాలం వాటిలో దీపం వెలగదు. క్రాఫ్టు హక్కునే వేల పౌండ్లు పోసి బయటివాళ్లు కొంటున్నారు. ఆ కుర్రాడికి ఇక్కడే ఉండాలని ఉంది, ఇల్లు కట్టే జాగా లేదు. ముసలివాళ్లను చూసుకునే మనుషులు కావాలంటారు, ఆ మనిషి తలదాచుకోవడానికి గది మిగల్చరు. భూస్వామి పోలీసులతో చేయించలేని పని ఇప్పుడు అద్దెల రేట్లు చేస్తున్నాయని టీచరమ్మ అంది, కోపంగానే అంది.

మర్నాటి నుంచి ఫోన్లు. పలానా వాళ్ల పై గది ఖాళీ అవుతుందేమో అడిగాం, అప్పటిదాకా మా చేలో కారవాన్, అదే చక్రాల మీది గది, ఉంది, కరెంటు లైను లాగుతాం అని అన్నదమ్ములు. నేను తిరిగెళ్లే రోజు పోర్ట్రీలో గ్లాస్గో బస్సు కోసం నిలబడి చెల్లెతో పోట్లాడాను. నాలుగు గంటలకే చీకటి పడే చలికాలంలో, ఆ గాలివానల్లో కారవాన్‌లో ఎట్లుంటవే, గ్లాస్గోలో ఇదే పని దొరకదా అన్నాను.

"దొరుకుతది" అంది. "వచ్చేసారి దింపుడుకు నన్ను పై వరుసల నిలబెడ్తమన్నరక్కా. పై వరుసల కొత్తోళ్లను నిలబెట్టరు."

డ్రైవరు నా పెట్టె డిక్కీలో పెట్టేశాడు. నేనింకా ఒప్పుకోలేదు.