అల్లం మురబ్బా ఆరవ విడత: పాకం కుదిరింది, డబ్బాలో చెడింది

ఈ ఉదయం డబ్బా మూత తీసేసరికి ఆరవ విడత అల్లం మురబ్బా ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దగా కనిపించాయి. మూడు రోజుల కిందట కోసినప్పుడు అంచు చెదరకుండా వచ్చిన ముక్కలవి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

మా బెంగళూరు బసవనగుడిలో కార్తీకమాసపు చివరి సోమవారం వేరుసెనగల జాతర, అంటే కడలెకాయి పరిషె, జరిగిందంటే మా ఇంట్లో జలుబుల కాలం మొదలైనట్లే. ఈ ఏడాది శొంఠిపొడి, మిరియాలపొడి మొదటిసారికే కుదిరాయి, కుండీలోని వాము ఆకు గుబురుగా పెరిగింది. పారాసిటమాల్ గడువు తేదీ చూసి, జ్వరం కొలిచే థర్మామీటరుకు కొత్త బ్యాటరీ వేశాను. తలనొప్పికి మా ఇంట్లో అమృతాంజనమే. ఆ ఘాటు ముందు మిగిలిన బాములు నాకు ఆనవు. మురబ్బా జలుబును తగ్గించదని నాకు తెలుసు. అయితే అర్ధరాత్రి గొంతు గరగరలాడుతున్న మనిషికి అది ఇచ్చే ఉపశమనాన్ని మరొకటి ఇవ్వదని నా నమ్మకం, అందుకే దీన్ని వదలలేకపోతున్నాను.

నా కొలతలు ఇవి: తొక్క తీసిన అల్లం 200 గ్రాములు, పంచదార 300, బెల్లం 100, నెయ్యి రెండు చెంచాలు. రుబ్బి పిండిన రసాన్ని ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, అడుగున తెల్లగా పేరుకున్న పిండిని వదిలేసి, పైన తేరిన రసాన్నే పిప్పితో కలుపుతాను.

మొదటి మూడు విడతలూ ఇసుకలా రాలిపోయాయి. కాకినాడలో ఉన్న పిన్ని తన పాకం థర్మామీటరు చూసి చెప్పిన 116 డిగ్రీలకే నేనూ దించాను. మొదట ముదురు అల్లం పీచును అనుమానించి లేత అల్లం తెచ్చాను, మార్పు లేదు. మంట ఎక్కువైందనుకుని పద్నాలుగు నిమిషాల వంటను ఇరవై రెండు నిమిషాలకు సాగదీశాను, అప్పుడూ కత్తి పెట్టగానే పొడిపొడిగా విరిగింది. నాలుగో విడతకు ముందు థర్మామీటరును మరిగే నీళ్లలో పెడితే 97 చూపించింది. పరికరంలోనే లోపం ఉందని తీర్మానించి దుకాణంలో మార్చుకుని, పరీక్షించకుండానే మళ్లీ 116కు వండి నాలుగోదీ పాడుచేశాను. తరువాత చూస్తే కొత్తది కూడా 97 దగ్గరే ఆగింది.

లోపం పరికరానిది కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున నీళ్లు మరిగే వేడి తగ్గుతుంది కనుక ఇక్కడ అవి 97 దగ్గరే మరుగుతాయి. పాకానికీ ఇదే లెక్క. కాకినాడలో 116 దగ్గర ఉండే చిక్కదనం ఇక్కడ 113కే వచ్చేస్తుంది. ఆ పైన మూడు డిగ్రీలూ నేను నీటిని అనవసరంగా ఇగరబెట్టాను. ఈ సంగతి చెబితే పిన్ని, "నీళ్ల గిన్నెలో చుక్క వేసి చూడలేదా అమ్మాయీ?" అని అడిగింది. అమ్మమ్మ పద్ధతి అదే. వేళ్ల మధ్య ఉండకట్టే పాకం ఏ ఎత్తున వండినా ఒకే చిక్కదనంలో ఉంటుంది, దానికి దిద్దుబాటు అక్కరలేదు.

ఐదో విడత 113కు దించితే చక్కగా గట్టిపడింది, కానీ పెద్ద పళ్లెంలో పోయడంతో అప్పడంలా పలచబడింది. ఆరో విడతను చిన్న పళ్లెంలో 12 మిల్లీమీటర్ల మందాన పోశాను.

అది ఎందుకు చెమ్మగిల్లిందన్నదే ఇప్పుడు ప్రశ్న. మా వంటింటి తేమ మీటరు ఉదయం ఆరింటికి 81 శాతం, మధ్యాహ్నం 48 చూపిస్తోంది. బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు ఆ తేమను లాగుతాయి. అయితే ఐదో విడతలోనూ అంతే బెల్లం ఉంది, అదే డబ్బాలో ఎనిమిది రోజులు పొడిగా నిలిచింది. ఈసారి పాకం పలుకు కట్టకూడదని మొదట్లోనే అరచెక్క నిమ్మరసం పిండాను. పులుపు పంచదారను విడగొట్టి అదే గ్లూకోజు, ఫ్రక్టోజులను ఇంకా పెంచుతుంది కాబట్టి నా అనుమానం ప్రధానంగా నిమ్మరసం మీదే. కానీ ఐదో విడతను రాత్రంతా పళ్లెంలోనే ఆరనిచ్చి, ఆరో విడతను రెండు గంటలకే, ఇంకా గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఒకేసారి రెండు మార్పులు చేయడం నా తప్పు.

ఏడో విడత సగం కొలతతో, నిమ్మరసం లేకుండా చేస్తాను. సగం ముక్కలను రాత్రంతా ఆరనిచ్చి ఒక గాజు డబ్బాలో, మిగిలిన సగాన్ని రెండు గంటలకే మరో డబ్బాలో పెడతాను. ప్లాస్టిక్ డబ్బాలకు అల్లం వాసన పట్టి వదలదు కనుక బోరోసిల్ గాజువే వాడతాను. రుచికి అనకాపల్లి బెల్లమే నాకిష్టమైనా, పోలిక చెడకుండా ఈ విడతకు కూడా ఇంట్లో ఉన్న మండ్య బెల్లాన్నే ఉంచుతాను. ముద్దయిన ఆరో విడతను పారేయలేదు; చిన్న పిల్లలకు గట్టి ముక్క గొంతుకు అడ్డుపడుతుందన్న భయం నాకు ఎలాగూ ఉంది, కాబట్టి దాన్ని చెంచాతో గీరి వేడినీళ్లలో కరిగించి మా పాపకు ఇస్తున్నాను. గాంధీ బజారు నుంచి తెచ్చిన అరకిలో అల్లం మట్టి వదలడానికి నీళ్లలో నానుతోంది.