పాప తల, మా మేనరికం, ఒక రక్తపరీక్ష: నా అనుభవం

రిపోర్టులన్నీ చేతికొచ్చి వారం కూడా కాలేదు. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

మా పాపకి పుట్టినప్పటి నుంచీ నుదురు కుడివైపు చదునుగా ఉండేది. ఆ వైపు కనుబొమ కాస్త పైకి లేచి ఉండేది. నీళ్ళు పోసే ఆవిడ తల సరిగ్గా ఒత్తలేదని ఒకరన్నారు. ఎప్పుడూ ఒకే పక్కకి పడుకోబెట్టానని ఇంకొకరు. కడుపుతో ఉండగా గ్రహణం రోజు గుమ్మం దాటానని మా అత్తయ్య. పిల్లల డాక్టరు మాత్రం నుదుటి పైన వేళ్ళతో తడిమి, ఎముక గట్టులా తగులుతోందని సీటీకి పంపారు. కుడివైపు కరోనల్ సూచర్, అంటే నుదుటి ఎముక వెనక ఉండే అతుకు, ముందే మూసుకుపోయిందని తేలింది. పసిపిల్లల పుర్రె ఎముకల మధ్య అతుకులు మెదడు పెరగడానికి చోటిస్తూ తెరుచుకుని ఉండాలి. ఏదైనా ఒకటి తొందరపడి పూడిపోతే, పుర్రె వీలున్న వైపుకే పెరిగి వంకర వస్తుంది. దీన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు, సుమారు 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందట. న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి చూసి ఏడాది లోపు ఆపరేషన్ చేద్దామన్నారు. ఈలోగా జెనెటిక్స్‌లో చూపించుకోమన్నారు. ఇంతవరకు నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

జెనెటిక్స్ ఓపీ ఉన్న ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడ ముందు ఒక జూనియర్ డాక్టరు వంశవృక్షం గీస్తుంది. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం, జబ్బు ఉన్నవాళ్ళకి లోపల రంగు. ఈ పని తలుపేసుకుని చేయొచ్చు కదా! వరండాలో బల్ల వేసి, వెనక పది మంది కూర్చుని వింటుండగా చేస్తారు. "మీకు అబార్షన్లు ఏమైనా అయ్యాయా? మీ అమ్మగారికి? మీ వాళ్ళలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు?" అని గట్టిగా. చివరికి "మీ ఆయన మీకు ఏమవుతారు?" అంది. మేనత్త కొడుకని చెప్పాను. ఆ అమ్మాయి మా ఇద్దరి మధ్య ఒక గీతకి బదులు రెండు గీతలు లాగింది, రక్తసంబంధంలో పెళ్ళికి అదీ గుర్తు. వెనక ఎవరో "ఆ, అదీ సంగతి" అన్నారు, నాకు వినిపించేలాగే.

లోపల పెద్ద డాక్టరుగారు, చుట్టూ విద్యార్థులు. ఆయన పాప ముఖం చూడకముందే కాగితం మీద ఆ రెండు గీతలు చూశారు. "చదువుకున్నవాళ్ళు కూడా మేనరికాలు చేసుకుంటే ఇలాగే ఉంటుంది" అని నాతో కాదు, వాళ్ళతో చెప్పారు. పాప టోపీ నన్నే తియ్యమన్నారు. ఒక్కొక్కరే వచ్చి తల తడిమి చూశారు, ఫోనుతో ఫొటో తియ్యబోయిన కుర్రాణ్ణి బావ ఆపాడు. ఏ జబ్బని అనుమానమో చెప్పలేదు. జన్యువుల్లో ప్రోటీన్లకి సంబంధించిన భాగాలన్నీ ఒకేసారి చదివే ఖరీదైన ఎక్సోమ్ పరీక్ష రాసి, "రెండో బిడ్డ ఆలోచన మానుకోండి" అని పంపేశారు. లిఫ్టు దగ్గర బావ నా చేతిలో ఫైలు లాక్కుని "ఇక్కడ ఇవ్వొద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మీద ఉన్న పాత కోపాలన్నీ మాఫీ చేశాను.

నా మాట వినండి. జెనెటిక్స్ డాక్టరు కారణం చెప్పకుండా పరీక్ష రాస్తే డబ్బు కట్టొద్దు. "ఏ జబ్బు కోసం వెతుకుతున్నారు?" అని అడగండి. విసుక్కుంటే ఇంకోచోటికి వెళ్ళండి.

ఇంకోచోట దొరికినావిడ వయసులో నాకంటే చిన్నది. గదిలో మేం తప్ప ఎవరూ లేరు. మేనరికం మాట నేనే ముందు ఎత్తాను, వాళ్ళతో అనిపించుకోవడం ఎందుకని. ఆవిడ ఒక కాగితం తీసుకుని చెప్పింది. మేనరికంలో భయం దేనికంటే, లోపమున్న జన్యువు ఇద్దరి దగ్గరా ఒకటే ఉండి, రెండూ బిడ్డకి చేరితే వచ్చే జబ్బులకి. ఆ ముప్పు నిజమే. మామూలు దంపతులకి పుట్టుకలోపాల ముప్పు నూటికి రెండు మూడు ఉంటే, మేనరికంలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి. కానీ కరోనల్ అతుకు మూసుకుపోయే జబ్బుల్లో ఎక్కువగా కనబడేవాటికి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు కాపీల్లో ఒక్కదానిలో తేడా ఉంటే చాలు. క్రూజాన్, ఏపర్ట్ అనే జబ్బులు ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువు వల్ల, సేథ్రే-చోట్జెన్ ట్విస్ట్1 వల్ల, మ్యూంకే సిండ్రోమ్ ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 వల్ల వస్తాయి. ఏపర్ట్ గుట్టు 1995లో ఆక్స్‌ఫర్డ్ బృందం తేల్చింది. అందులో కొత్తగా పుట్టే తేడా దాదాపు ఎప్పుడూ తండ్రి వైపు నుంచే వస్తుందట, తండ్రి వయసు పెరిగేకొద్దీ ఎక్కువట. ఈ సంగతి మా అత్తయ్యకి చెప్పడానికి నేను ఇంటికి పరుగున వెళ్ళానని వేరే రాయక్కర్లేదు.

ఆవిడ ఎక్సోమ్ పక్కన పెట్టి, ముందు ఒక్క చోట చూద్దామంది: ఎఫ్‌జీఎఫ్‌ఆర్3లో 250వ స్థానం. ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీన్లో అక్కడ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఆర్జినిన్ వస్తే మ్యూంకే. ఖర్చు ఎక్సోమ్‌తో పోలిస్తే చాలా తక్కువ. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా, సి ఉండాల్సిన చోట జి. పాపకి అదే వచ్చింది.

ఆపరేషన్ ఎలాగూ చేస్తారు కదా, పేరు తెలిస్తే ఏం లాభం అని మా వాళ్ళు అడిగారు. లాభం ఉంది. ఈ తేడా ఉన్న పిల్లలకి పుర్రెలో ఒత్తిడి పెరిగి రెండోసారి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఎక్కువ. వినికిడి తగ్గొచ్చు, అదీ తక్కువ శ్రుతి శబ్దాలకి. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉంటాం.

తరవాత మా ఇద్దరి రక్తం అడిగారు. "మగాడికెందుకమ్మా పరీక్ష, మోసింది నువ్వు కదా" అంది అత్తయ్య. బావ ఇచ్చొచ్చాడు. నాకు లేదు, ఆయనకి ఉంది. తల కాస్త వెడల్పు, అంతే, ఇంకేమీ కనబడదు. ఇలా బయటపడకుండా ఉండిపోవడం ఈ జబ్బులో మామూలేనట. వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కొంత లోటు తేలింది. పెళ్ళయినప్పటి నుంచీ నేను పిలిస్తే పలకడని గొడవపడుతున్నాను, ఇప్పుడు ఆ గొడవకి డాక్టరు సర్టిఫికెట్ ఉంది.

చిన్నప్పటి నుంచీ చెముడున్న మా మామయ్య, ఎవరూ అడక్కుండానే చెయ్యి చాపారు. "నాది కాకపోతే ఎవరిదమ్మా, చూడమను" అన్నారు. ఆయనకీ ఉంది. అంటే మేనరికం కలిపిన రక్తం మా నాన్నది, అత్తయ్యది. తేడా వచ్చింది ఆ రక్తానికి ఏ సంబంధమూ లేని మామయ్య నుంచి. రెండు గీతలు లాగిన ఆ కాగితం కాపీ నా దగ్గరే ఉంది, ఆ పెద్దాయనకి రిపోర్టు జతచేసి పోస్టు చేద్దామా అని ఇప్పటికీ అనిపిస్తోంది.

మిగిలిన రక్తం పరిశోధనకి దాచుకుంటామని వేరే ఫారం ఇచ్చారు. అది చికిత్స ఫారంతో కలిపి ఉంటే విడదీయమనండి. వద్దన్నా వైద్యం ఆగకూడదు, ఒప్పుకున్నాక కూడా మనసు మార్చుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉన్నదే ఇది. రక్తానికి సరేనన్నాను, ముఖం ఫొటోలకి వద్దని రాశాను. ఇలా ఎవరో ఇచ్చిన రక్తంతోనే కదా మా పాప జబ్బుకి పేరు దొరికింది.

ఆపరేషన్ అయింది. నుదుటి ఎముక, కంటి పై గట్టు ముందుకు జరిపి సరిచేశారు. ఐసీయూలో కళ్ళు వాచి మూసుకుపోతాయి, ముందే చెబుతారు, అయినా చూసినప్పుడు కాళ్ళు వణుకుతాయి. మూడు నాలుగు రోజుల్లో తెరిచింది.

రెండో బిడ్డకి ఇది వచ్చే అవకాశం సగానికి సగం. గర్భంలో ఉండగానే పరీక్ష చేయించుకోవచ్చు, రిజిస్టరయిన సెంటర్లోనే. ఆ నిర్ణయం మేమింకా తీసుకోలేదు, బంధువుల సలహాలు మాత్రం తీసుకోవడం మానేశాం.

ఇప్పుడు మా మరిదికి సంబంధాలు చూస్తున్నారు. అతనికీ సగం అవకాశం ఉంది, పరీక్ష చేయించాలి. అత్తయ్యకి ఆ మాట బావే చెప్పాలని తేల్చేశాను. నేను ఎత్తను.