డ్రైవర్ తలుపు

మంగళవారం, తిరుపతి

పది కాకముందే రేకుల షెడ్డు కాలిపోతోంది. ఇవాళ్టి పని ఒక పాత అంబాసిడర్ డ్రైవర్ తలుపు. బయటి గుండీ నొక్కితే ఒకసారి తెరుచుకుంటుంది, ఇంకోసారి మొండికేస్తుంది. వేసేటప్పుడు బాదితే తప్ప పడదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో టకటకమని ఒకటే చప్పుడు.

"లాకు మార్చేయండినా, పీడా పోతుంది" అన్నాడు బండి తెచ్చినాయన. అందరూ అనే మాటే. కానీ పాత లాకు ఇనుము మందం, ఇప్పుడు అంగళ్ళలో దొరికే నకిలీల్లో చాలావాటికి ఉండదు. పైగా తప్పు లాకుదేనని ఇంకా తేలలేదు.

ముందు చూడాల్సింది హింజీలు, అంటే తలుపు తిరిగే కీళ్ళు. తలుపు సగం తెరిచి, లాకు ఉన్న అంచు కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తాలి. అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లేచి, హింజీ పిన్ను దగ్గర కదలిక కనబడిందంటే తలుపు దిగిందని అర్థం. అలాంటి తలుపుకి ఎంత మంచి లాకు బిగించినా స్ట్రైకర్‌కి (లాకు పట్టుకునే, బండి స్తంభం మీది ఇనుప ముక్క) కిందుగా తగిలి నెల్లో అరుగుతుంది. దిగే బాధ డ్రైవర్ తలుపుకే ఎక్కువ. రోజంతా తెరిచేది దాన్నే, బండి దిగేటప్పుడు ఒళ్ళంతా మోపేదీ దానిమీదే. ఈ బండికి కదలిక మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి హింజీల జోలికి పోలేదు.

రెండోది బీడింగ్, తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ. కొత్త రబ్బరు మందం ఎక్కువైతే తలుపు లాకు దాకా రాకముందే వెనక్కి తంతుంది. స్ట్రైకర్ వైపు బీడింగ్ ఊడదీసి తలుపు వేసి చూస్తే చాలు. మెత్తగా పడితే దోషం రబ్బరుదే. ఇక్కడ ఊడదీసినా తేడా లేదు. సరే, ఇక లోపలికి పోవాల్సిందే.

అద్దం పూర్తిగా పైకెత్తాకే ట్రిమ్, అంటే తలుపు లోపలి అట్ట, ముట్టుకోవాలి. అద్దం తిప్పే హ్యాండిల్ వెనకున్న గుండ్రటి బిళ్ళను తలుపు వైపు అదిమితే సన్నటి పిన్ను కనిపిస్తుంది, దాన్ని పంచ్‌తో నెట్టేయాలి. కొన్నిటికి పిన్ను బదులు స్క్రూ ఉంటుంది. అట్ట ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్ సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చాలి. నడిమధ్యలో దూర్చి లాగితే, తడికి నాని ఆరిన అట్ట అప్పడంలా విరుగుతుంది. లోపల దోసెడు ఎర్రమన్ను, దాంతో కింది నీటి రంధ్రాలు పూడిపోయాయి. 2021 నవంబరు వరదలో నిలబడిపోయిన బండ్ల తలుపుల్లో ఇంతకన్నా ఘోరం, అడుగున ఒండ్రు గడ్డకట్టి ఉంటుంది. పుల్లతో పొడిచి రంధ్రాలు తెరవకపోతే కార్తీక మాసం వానలకి రేకు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

లాకు స్క్రూల దగ్గర తొందర పనికిరాదు. స్టార్ తల చెడిందంటే డ్రిల్లు వేయడమే గతి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె వేసి ఉంచాలి. తలకి సరిగ్గా సరిపోయే బిట్టు పెట్టి, సుత్తితో కొడితే స్క్రూ తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక్క దెబ్బ. వదిలిన స్క్రూలు డబ్బాలో జాగ్రత్త చేయాలి. అంబాసిడర్‌ది అంగుళాల థ్రెడ్డు, ఫియట్ వంశం నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని కారుది మిల్లీమీటర్ల థ్రెడ్డు. దొరికిందేదో తిప్పి బలవంతంగా ఎక్కిస్తే లోపలి ప్లేటు పాడవుతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అన్నేళ్ళలో లాకులూ మారాయి, మెకానిక్కులు దొరికినవి వేసిందీ ఉంది. విప్పేదాకా లోపల ఏ రకం ఉందో చెప్పలేం. దీంట్లో పంజా రకం ఉంది: స్ట్రైకర్‌ని పట్టే పంజా, అది వెనక్కి తిరక్కుండా ఆపే కొక్కెం, రెండింటికీ చెరో స్ప్రింగు.

కిరసనాయిల్లో అరగంట నానబెట్టి బ్రష్షుతో రుద్దితే నల్లటి జిగురు వదిలింది. పాత గ్రీజు దుమ్ము పట్టి బంకైతే కొక్కెం టైముకి కింద పడదు. పట్టేసే లాకుల్లో ఎక్కువవాటి కథ ఇంతే. తుప్పు వదిలే స్ప్రే కొట్టి పంపిస్తే వారం బాగుంటుంది. అది జిగురు కరిగించే మందు, నిలిచే గ్రీజు కాదు.

కడిగాక అరుగుదల బయటపడింది. కొక్కెం అంచు గుండ్రబడింది, మలుపుల్లో చప్పుడు అక్కడి నుంచే. ఆకురాయితో మెల్లగా గీసి చూశాం. ఆకురాయి జారితే పైపొర గట్టిది, కొరికితే ఆ పొర ఎప్పుడో పోయినట్టే. గట్టిపొర పదునుబెట్టే సరదాతో ఆకురాయి ఆడించేవాళ్ళున్నారు, దాని కింద మెత్తటి ఇనుమే ఉంటుంది, ఇంకా తొందరగా అరుగుతుంది. దీన్ని ఆకురాయి కొరికింది. కాబట్టి అంచున చిన్న వెల్డింగ్ చుక్క పెట్టించి, దానంతట అదే చల్లారాక, అరగని మూలలో ఉన్న కోణం చూసుకుంటూ దిద్దాం. కోణం తప్పితే కుదుపుకి పంజా కొక్కేన్ని నెట్టేసుకుని తెరుచుకుంటుంది. పాత ఫియట్ 1100ల్లో ముందు తలుపుకి హింజీలు వెనక ఉండేవి. వాటి తలుపు దారిలో వదిలిందంటే గాలికి పూర్తిగా విచ్చుకుంటుంది. అందుకే కోణం విషయంలో సర్దుబాటు లేదు.

కొక్కెం స్ప్రింగు సడలింది. లాగి సాగదీస్తే నాలుగు రోజులు పనిచేసి మళ్ళీ అంతే. వెర్నియర్‌తో తీగ మందం, చుట్ల లెక్క, బయటి వ్యాసం కొలిచి అచ్చం అలాంటిదే వేశాం. తిరిగేచోట్ల సన్నగా లిథియం గ్రీజు. తాళం చెవి రంధ్రంలో మాత్రం గ్రీజు వేయకూడదు, గ్రాఫైట్ పొడి చాలు.

బిగించాక తలుపు వేయకూడదు! ముందు స్క్రూడ్రైవర్‌తో పంజాను తిప్పాలి. టక్, టక్ అని సగం పట్టు, పూర్తి పట్టు రెండు మెట్లూ వినబడాలి, లాగితే వదలకూడదు, బయటి గుండీకీ లోపలి హ్యాండిల్‌కీ విడివిడిగా తెరుచుకోవాలి. ఈ పరీక్ష లేకుండా వేసిన తలుపు పట్టేస్తే, మూసున్న తలుపు మీద ట్రిమ్ విప్పాల్సొస్తుంది. గుండీ వెనకున్న బోల్టుకీ లాకు మీటకీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ ఉంచాం. ఖాళీ లేకపోతే మీట ఎప్పుడూ కాస్త నొక్కుకునే ఉండి కొక్కెం పూర్తిగా పడదు. మరీ ఎక్కువైతే గుండీ చివరిదాకా నొక్కినా తెరుచుకోదు. "ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి లేదు" అన్న రోగంలో సగం ఈ బోల్టు లాక్‌నట్టు వదులవడమే.

చివరికి స్ట్రైకర్. చుట్టూ పెన్సిల్ గీత గీసి, స్క్రూలు తలుపుని తట్టుకునేంత బిగువుగా ఉంచి, నూనెలో కలిపిన కుంకుమ పంజాకి పూసి మెల్లగా వేశాం. మరక స్ట్రైకర్ పైఅంచున పడింది. స్ట్రైకర్‌ని ఒక మిల్లీమీటరు పైకి జరిపాక మరక మధ్యకొచ్చింది. పైకీ కిందకీ కుదిరాకే లోపలికీ బయటికీ చూడాలి, రెండూ ఒకేసారి జరిపితే ఏది ఏం చేసిందో తెలీదు. తలుపు వెనక తలుపుతో సమంగా నిలిచి, అరచేత్తో నెడితే రెండో మెట్టు దాకా పడితే బిగించేయొచ్చు.

సాయంత్రం అలిపిరి వైపు గుంతల్లో తిప్పి చూస్తే చప్పుడు లేదు. ఎడమ వెనక తలుపుకీ ఇదే జబ్బు మొదలైంది, అది రేపు. దాని స్క్రూలకి ఇప్పుడే నూనె వేసి పెట్టాం.