1949 ఫోర్డ్ కూపే, 1/25 స్కేల్: పైకి తెలియని మార్పులతో

ఏఎంటీ అనే అమెరికన్ మోడల్ కంపెనీ వాళ్ల 1/25 ప్లాస్టిక్ కిట్‌తో (అసలు కారులో ఇరవై ఐదో వంతు) 1949 ఫోర్డ్ కూపే, అంటే రెండు తలుపుల కారు, కట్టాను. షోరూంలోంచి వచ్చినట్టు యథాతథంగా కాదు, అలాగని పైకప్పు కోసి కిందికి దించి, పక్కల మంటల బొమ్మలు వేసిన రకమూ కాదు. 1950లలో అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు జీతంలో మిగిలినదానితో చేయించుకున్న 'మైల్డ్ కస్టమ్' ఇది. ఆ పనిలో తీసేయడమే ఎక్కువ, తగిలించడం తక్కువ. మోడల్‌గా కట్టడంలో చిక్కంతా అక్కడే ఉంది. మంటల బొమ్మ ఉంటే చూపు దాని మీదికి పోతుంది, బాడీలో చిన్న లొసుగు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. బోసి బానెట్ మీద ఏ లొసుగూ దాగదు.

ఏవి మార్చాలో, వేటి జోలికి పోకూడదో ముందే తేల్చుకోవాలి. బానెట్ అంచున ఉన్న ఫోర్డ్ అక్షరాలు, డిక్కీ మీది హ్యాండిల్ తీసేశాను. బానెట్ ముందు మూలలు రెండూ కాస్త గుండ్రం చేశాను. హెడ్‌లైట్ రింగులను మడ్‌గార్డుల్లో కలిపేశాను. బండిని నేలకు దగ్గరగా దించాను, వీల్ కవర్లు మార్చాను. గ్రిల్లు మధ్యలో తూటాలా ఉండే ముక్కును మాత్రం ముట్టుకోలేదు, ఆ బండి ముఖమే అది. పక్కనుండే క్రోమ్ పట్టీ కూడా ఉంచాను. అది పోతే బాడీ సబ్బుబిళ్లలా బోసిపోతుంది. డోర్ హ్యాండిళ్ల విషయం కాస్త ఆలోచించాల్సి వచ్చింది. అసలు బండిలో అవి తీస్తే తలుపు తెరవడానికి సోలినాయిడ్ (కరెంటుతో గడియ లాగే పరికరం), ఎక్కడో దాచిన బటన్, వైరింగ్ కావాలి. అక్షరాలు పీకించి చిల్లులు పూడ్పించినంత చవక కాదు. ఇలాంటి బండికి అంత ఖర్చు పెట్టి ఉండరని హ్యాండిళ్లు ఉంచేశాను.

1/25లో లెక్క చాలా తేలిక. అసలు బండిలో అంగుళం ఇక్కడ 1.016 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి మిల్లీమీటరే. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 114 అంగుళాలు కాబట్టి మోడల్లో 115.8 మి.మీ. రావాలి. ఏడంగుళాల హెడ్‌లైట్ 7 మి.మీ. చేతిలో 5 మి.మీ. మనకు చిన్నదే, అసలు బండిలో అది అర జానెడు దాటుతుంది. ఏ మార్పుకైనా "ఇది నిజంగా ఎన్ని అంగుళాలు?" అని అడిగితే సగం అతి అక్కడే ఆగిపోతుంది.

విడిభాగాలను స్ప్రూ (అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోయకముందే గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడగాలి. అచ్చు నుంచి తేలిగ్గా ఊడడానికి వాడిన నూనె మిగిలి ఉంటే రంగు ముడుచుకుపోతుంది. ఆరాక బాడీ, ఛాసీ, బానెట్, చక్రాలు మాస్కింగ్ టేపుతో నిలబెట్టి కొలతలు తీసుకున్నాను.

అక్షరాలు తీసేటప్పుడు బ్లేడుతో చెక్కేయబోతే బ్లేడు లోపలికి దిగి గుంట పడుతుంది. అక్షరాల చుట్టూ రెండు పొరలుగా టేపు వేసి, 11 నంబరు బ్లేడు వీపుతో గీకాను. టేపు మట్టానికి రాగానే టేపు తీసేసి 400 నంబరు వాటర్ పేపర్‌ను ఐస్‌క్రీం పుల్లకు చుట్టి తడిచేసి రుద్దాను. తర్వాత 600, 800. వేలితో రుద్దకూడదు. వేలు మెత్తగా ఉంటుంది కాబట్టి అక్షరం ఉన్నచోట పల్లం తేలుతుంది, మెరుపు రంగు వేశాక ట్యూబ్‌లైట్ కింద ఆ పల్లం అల కొట్టినట్టు కనబడుతుంది.

ఇక లప్పం. కార్ల టింకరింగ్ షాపుల్లో వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ఇలాంటి చోట పనికిరాదు. అందులో ఉన్న థిన్నర్ ఆవిరైనకొద్దీ అది కుంచించుకుపోతుంది. పైగా ఆ థిన్నర్ కింది ప్లాస్టిక్‌ను కూడా మెత్తబరిచి ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు మీదే సాపు చేసి రంగు వేస్తే, కొన్ని వారాల తర్వాత లోపలి థిన్నర్ పూర్తిగా పోయి ఆ చోటు కిందికి దిగుతుంది. తీసేసిన హ్యాండిల్ ఆకారం నీడలా పైకి తేలుతుంది. అందుకే ఫెవిక్విక్, టాల్కమ్ పౌడర్ సమపాళ్లలో కలిపి టూత్‌పిక్‌తో పెట్టాను. ఇందులో ఆవిరయ్యే థిన్నర్ లేదు, కాబట్టి కుంగదు. కాకపోతే గంటలోపే సాపు చేసేయాలి. మర్నాటికి అది ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి లప్పం మాత్రం బొడిపెలా నిలుస్తుంది. పెద్ద గుంటలైతే, అదే కిట్ స్ప్రూ ముక్కలను ప్లాస్టిక్ సిమెంట్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) కరిగించి నింపడం మంచిది. గట్టిదనం ఒకటే కాబట్టి సమంగా అరుగుతుంది. దానికి మాత్రం వారం రోజులైనా ఆరబెట్టాలి.

బానెట్ మూలలకు 3 మి.మీ. వ్యాసార్ధం చాలు. బానెట్‌ను దాని చోట టేపుతో బిగించి, సన్నని ఆకురాయితో ముందు బానెట్ మూలను గుండ్రం చేశాను. దాంతో బాడీ వైపు త్రికోణంలా ఖాళీ తేలుతుంది. అక్కడ 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు ముక్కను కొంచెం పెద్దదిగానే అతికించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు బానెట్ వంపుకు సరిపడా అరగదీశాను. సందు 0.4 మి.మీ. ఉంచాను. ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే పారదర్శక మెరుపు పొర) కలిసి రెండు అంచుల మీదా మందం పెంచుతాయి, ఆఖరికి అది 0.2 దగ్గరికి వస్తుంది. ముందే సందు బిగుతుగా పెట్టుకుంటే రంగయ్యాక బానెట్ దిగదు, బలవంతం చేస్తే అంచు పెచ్చు లేస్తుంది.

హెడ్‌లైట్ రింగుల మీది క్రోమ్ పొర ముందుగా పోవాలి, లేకపోతే సిమెంట్ పట్టదు. బట్టలకు వాడే హైపోక్లోరైట్ బ్లీచ్‌లో వేస్తే మెరుపు పొర కరిగిపోతుంది. దాని కింద ఉండే పలచని వార్నిష్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వస్తుంది. బ్లీచ్ ఉన్న గిన్నెలో బాత్రూం యాసిడ్ చుక్క కూడా పడకూడదు, విష వాయువు లేస్తుంది. రింగులు అతికించి, చుట్టూ లప్పం పెట్టి, 6 మి.మీ. గుండ్రటి పుల్లకు 600 పేపర్ చుట్టి రుద్దాను. రింగుకీ మడ్‌గార్డుకీ మధ్య చిన్న పల్లం మిగలాలి. పూర్తిగా చదును చేస్తే లైటు గుడ్డలో పెట్టి కుట్టినట్టు కనిపిస్తుంది.

తలుపులు, డిక్కీ గీతలన్నీ ప్రైమర్ వేయకముందే బ్లేడు వీపుతో లోతు చేసుకోవాలి. రంగు వాటిలోకే మొదట దిగుతుంది.

బండిని దించడంలోనే ఈ మోడల్ నిలిచేదీ పోయేదీ. 1949 ఫోర్డ్‌తోనే ఆ కంపెనీ కార్లకు వెనక అడ్డ కమాను పోయి, రెండు పక్కలా నిలువు కమాన్ కట్టలు వచ్చాయి. ముందు కాయిల్ స్ప్రింగులు. అందుకే అప్పట్లో దించడం సులువైంది: వెనక ఇరుసుకీ కమాన్ కట్టకీ మధ్య దిమ్మె పెట్టడం, ముందు కాయిల్‌ను ఒకటి రెండు చుట్లు కోయడం. ఆనాటి తీరుకు తగ్గట్టు ముందు 2.5 మి.మీ., వెనక 3.5 మి.మీ. దించాను, తోక కాస్త బరువుగా కనిపించాలి. వెనక దిమ్మె ప్లాస్టిక్ పట్టీతో చేసిందే. పాత అచ్చుల కిట్లలో ముందు చక్రాలకు అడ్డంగా ఒకే ఇనుప కడ్డీ ఉండేవి చాలా ఉన్నాయి. అలాంటిదైతే పాత రంధ్రం పూడ్చి 2.5 మి.మీ. పైన కొత్తది తొలచాలి. విడి స్పిండిళ్లు (ఒక్కో చక్రం ఎక్కే చిన్న ఇరుసులు) ఉంటే వాటిని రంపంతో కోసి పైకి జరిపి, 0.8 మి.మీ. ఇత్తడి తీగ గుచ్చి అతికించాలి. ఉత్త సిమెంట్ నమ్ముకుంటే చక్రం ఎక్కించేటప్పుడే ఊడొస్తుంది.

దించాక మూడు చోట్ల తగులుతుంది: వెనక ఇరుసు నేలపలకకి, టైరు మడ్‌గార్డు లోపలి అంచుకి, డ్రైవ్‌షాఫ్ట్ సొరంగానికి. చిన్న గ్రైండర్‌తో లోపలి నుంచి పలచబరచవచ్చు, కానీ వేగం తక్కువ ఉండాలి. వేగం పెరిగితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయో లేదో అద్దం మీద పెట్టి చూడాలి. ఒక్కో టైరు కింద పలచని కాగితం ముక్క పెట్టి లాగితే ఏది వదులో వెంటనే తెలుస్తుంది. మూడు చక్రాల మీద నిలబడిన కారు, మిగతా పనంతా ఎంత బాగున్నా బొమ్మే.

చక్రాలకు పెద్ద కవర్లు తీసేసి, బాడీ రంగే వేసిన ఉక్కు రిమ్ములు, మధ్యలో చిన్న గిన్నె లాంటి 'బేబీ మూన్' క్యాపులు. టైరు పక్క తెల్లపట్టీ 3 మి.మీ. వెడల్పు. కిట్లలో వచ్చే వినైల్ టైర్లతో చిక్కేమిటంటే, మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి బయటికొస్తూ ఉంటుంది. తెల్లరంగు నేరుగా వేస్తే పసుపెక్కుతుంది. రిమ్ముకు తగిలితే ప్లాస్టిక్‌నే మెత్తబరిచి తినేస్తుంది. ఏసీ మెకానిక్కులు వాడే జిగురు అల్యూమినియం టేపుకు తెల్ల లాకర్ (థిన్నర్ ఆవిరై త్వరగా ఆరే రంగు) వేసి, కంపాస్ కట్టర్‌తో బయట 23, లోపల 17 మి.మీ. రింగులుగా కోసి అతికించాను. మధ్యలో లోహం ఉంది కాబట్టి ప్లాస్టిసైజర్ రంగును చేరదు. రిమ్ము గాడిలో కూడా అదే టేపు ఒక చుట్టు వేశాను.

రంగు ముదురు మెరూన్. పెద్ద రేణువులున్న మెటాలిక్ వేస్తే ఈ స్కేల్‌లో ఒక్కో రేణువు గోళీకాయంత అనిపిస్తుంది, అందుకే సన్నటి పెర్ల్ (ముత్యంలా మెరిసే పొడి) మాత్రమే కలిపాను. ప్రైమర్ రెండు పొరలు, 1500 పేపర్‌తో తడిగా సాపు. 0.3 మి.మీ. ఎయిర్‌బ్రష్, గాలి ఒత్తిడి 15-18 పీఎస్ఐ, ఒక పాలు లాకర్ రంగుకు రెండు పాళ్లు థిన్నర్. మొదటి మూడు పొరలు దుమ్ము పడ్డట్టు పలచగా, తర్వాత రెండు తడిగా. మొదటి పొరే తడిగా వేస్తే థిన్నర్ ప్లాస్టిక్‌ను కొరికి సన్నటి పగుళ్లు తెస్తుంది. కార్ల షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ మరీ ఘాటు, దాన్ని గన్ను కడగడానికే వాడాలి.

మన వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు, లాకర్ తెల్లబారుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరై పైపొర చల్లబడితే గాలిలోని తేమ దానిమీద కూర్చుంటుంది. తేమ 60 శాతం దాటితే నేను గన్ను పట్టను. తప్పదంటే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలపాలి. తెల్లబారినా కంగారు పడక్కర్లేదు, ఉత్త రిటార్డర్‌ను పలచగా కొడితే చాలావరకు పోతుంది.

క్లియర్ మూడు పొరలు. టూ-కే యురేథేన్ (రెండు ద్రవాలు కలిపి వాడే క్లియర్) మెరుపు ఎక్కువే, కానీ అందులోని ఐసోసయనేట్ అనే విష రసాయనాన్ని మామూలు గుడ్డ మాస్కు ఏమాత్రం ఆపదు. లాకర్ క్లియర్ రెండు వారాలు ఆరాక 2000, 4000, 6000తో రుద్ది, కాంపౌండ్ (మెరుపు తెచ్చే పాలిష్) పట్టించాను. మడ్‌గార్డు శిఖరాలు, తలుపుల అంచుల మీద టేపు వేసి మరీ రుద్దాలి. రంగు అక్కడే పలచగా ఉంటుంది, నాలుగు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది.

పక్క క్రోమ్ పట్టీకి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పలచని లోహపు రేకు). పట్టీ కంటే రెట్టింపు వెడల్పు ముక్క వేసి, కాటన్ బడ్‌తో మధ్య నుంచి బయటికి నొక్కి, టూత్‌పిక్‌తో అంచులు దించి, కొత్త బ్లేడుతో ఒకే గీతలో కోయాలి. రెండోసారి గీత గీశారంటే రంగు తెగుతుంది. ఒక్కో వైపుకు ఒక కొత్త బ్లేడు వాడితే దండగేం లేదు.

ఇంజన్, లోపలి సీట్ల మీద ఎక్కువ సమయం పెట్టలేదు. 239 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌కి 0.3 మి.మీ. తీగతో ప్లగ్ వైర్లు, 2 మి.మీ. అల్యూమినియం గొట్టంతో జంట సైలెన్సర్లు, అంతే. అద్దాలకు మాత్రం ఫెవిక్విక్ వాడొద్దు, దాని ఆవిరికి మంచు పట్టినట్టు మసకబారతాయి. ఆరాక పారదర్శకంగా మారే తెల్ల ఫెవికాల్ చాలు. అద్దాల అంచులకు నల్ల రంగు రాస్తే ప్లాస్టిక్ మందం కనబడదు.

చివరగా నంబరు ప్లేటు. కాలిఫోర్నియాలో 1956 నుంచి పసుపు మీద నలుపు అక్షరాల ప్లేటు వచ్చింది, కొలత 12 అంగుళాలు, 6 అంగుళాలు. అంటే మోడల్లో దాదాపు 12 మి.మీ., 6 మి.మీ. మామూలు కాగితం మీద ముద్రించి, మ్యాట్ క్లియర్ కొట్టి, 0.25 మి.మీ. షీటు మీద అతికించి, వెనక బంపర్ మీదుగా రెండు బొట్ల ఫెవికాల్‌తో నిలిపాను.